తీసిన సామాను

మా ఊళ్లో పాట పాడని కారు ఒక్కటే ఉండేది. అది మా బాబాయి సొంత కారు.

ముప్పై ఏళ్లుగా కార్లలో పాటలు బిగించడమే ఆయన పని. కొట్టు బోర్డు మీద ఏదో ఘనమైన పేరే రాయించాడు గానీ, దాన్ని పైకి చదివినవాళ్లు లేరు. అందరికీ ఆయన సౌండు మేస్త్రీ. డాక్టర్ల కార్లు, టాక్సీలు, పిల్లల్ని బడికి మోసే వ్యాన్లు, అన్నీ ఆయన చేతుల మీదుగానే నోరు విప్పాయి. ఒకసారి ఆసుపత్రివాళ్ల శవాల బండికి కూడా స్పీకర్లు పెట్టాడు. "అందులో ఎవరు వింటారు బాబాయ్?" అని నేనంటే, "డ్రైవరు మనిషి కాదేమిటే?" అని ఒంటికాలి మీద లేచాడు.

పనిలో ఆయనకి ఒక పట్టింపు ఉంది. బండిలోంచి ఏది తీసినా, తుప్పు పట్టిన మరైనా సరే, దాన్ని ఖాకీ కాగితంలో పొట్లం కట్టి, పైన గుండ్రటి అక్షరాలతో 'తీసిన సామాను' అని రాసి, తేదీ వేసి, వెనక సీటు మీద పెడతాడు. మెకానిక్కులు మంచి సామాను నొక్కేస్తారన్న మాట తన చెవిన పడకూడదట. ఒక లాయరుగారికి స్పీకరులో దొరికిన చచ్చిన బొద్దింకను కూడా ఇలాగే అప్పగించాడు. ఆయన ఇంటికెళ్లి పొట్లం విప్పుకుని, మళ్లీ మా కొట్టు వైపు రాలేదు.

ఇక ఆ కారు సంగతి. అది మా పిన్ని పుట్టకముందే తయారైంది. గుండ్రటి దీపాలు, బొద్దుగా ఒళ్లు, ముందంతా నున్నటి చెక్క పలక, ఆ పలక నడుమ దంతపు రంగు మీటలతో ఒక రేడియో. ఆ రేడియో నలభై ఏళ్లుగా మూగది. కారు పిన్ని వాళ్ల నాన్నగారిది. నేను పెద్దాయన అని పిలుస్తాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊళ్లోని దుకాణాల తక్కెడలూ, తూకపు రాళ్లూ తనిఖీ చేశారు. రిటైరయ్యాక తనిఖీ చేయడానికి తక్కెడలు లేక మమ్మల్ని చేస్తున్నారు. ఆరేళ్ల కిందట పెద్దావిడ పోయాక, ఇక నడపనని కారు తాళం బాబాయి చేతిలో పెట్టారు. ఊరికే పెట్టలేదు, షరతు పెట్టి మరీ పెట్టారు.

"ఒక్క మర మారినా, ఒక్క చిల్లు పడినా కారు వెనక్కి తీసుకుని చిన్నల్లుడికిచ్చేస్తాను."

బాబాయికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఆయన తోడల్లుడికి ఏ వస్తువు కనిపించినా రంగు వేయించే జబ్బుంది. గేటుకి బంగారు రంగు, కుక్క గూటికి బంగారు రంగు. ఆ కారు కూడా అలా మెరుస్తున్నట్టు బాబాయికి కలలొచ్చేవి. ఆయనకి ఆ కారంటే ప్రాణం. వర్షం వస్తే ముందు కారు మీద గుడ్డ కప్పి, తర్వాత ఆరేసిన బట్టలు తీసేవాడు.

ప్రతి ఆదివారం పది గంటలకి పెద్దాయన తెల్ల చేతిరుమాలు పట్టుకుని తనిఖీకి వచ్చేవారు. టైర్లు నొక్కేవారు, హారను కొట్టేవారు, వైపర్లు ఆడించేవారు, సీటు కింద రుమాలుతో తుడిచి దుమ్ము రంగు చూసేవారు. ముట్టుకోనిది ఒక్క రేడియో మీటే. పాడైనదాన్ని ముట్టుకుని ఏం లాభంలే అని మేమూ దాని గురించి ఆలోచించలేదు.

ఇబ్బందంతా పిన్నితో వచ్చింది. ఆమెకి పాటల పిచ్చి. చిన్నప్పుడు ఆ కారు వెనక సీట్లో, వాళ్లమ్మ పాడుతుంటే వింటూ పెరిగిన మనిషి. అగ్గిపెట్టెంత ప్లేయరొకటి కొనుక్కుంటే నేనే అందులో మూడువందల పన్నెండు పాటలు ఎక్కించి పెట్టాను. కారెక్కగానే దాని వైర్లు చెవుల్లో దూర్చుకునేది. బాబాయి స్టీరింగు పట్టుకుని ఊరి విశేషాలన్నీ చెప్పుకుపోయేవాడు. గంట తర్వాత ఆమె వైర్లు తీసి, "ఏమన్నా అన్నారా?" అనేది.

ఒకరోజు ఆమె తేల్చి చెప్పేసింది. "ఊరందరి కార్లూ పాడతాయి. మన కారులో ఇంజను దగ్గు వింటూ కూర్చోవాలి. దీంట్లో పాట వచ్చేదాకా నేనెక్కను."

"మీ నాన్న షరతు మరిచిపోయావా?"

"షరతు మీకు. నాకు కాదు."

మాట మీద నిలబడే వంశం. మర్నాడు పక్క ఊళ్లో వాళ్ల చెల్లెలింటికి వెళ్లాల్సి ఉంటే బస్సెక్కేసింది. బాబాయి ఊరుకోలేక కారులో బస్సు వెనకే బయల్దేరాడు. బస్సు ఆగినచోటల్లా ఆగాడు. దాని పొగంతా మింగాడు. చివరికి కండక్టరుకి అనుమానం వచ్చింది. "ఎవరమ్మా ఆయన? పొద్దుటి నుంచీ మన వెంటే పడ్డాడు?"

పిన్ని కిటికీలోంచి తీరిగ్గా చూసి, "ఏమో బాబూ, చూస్తే పెద్దమనిషిలాగే ఉన్నాడు" అంది.

ఆ వారమే బాబాయి లొంగిపోయాడు. పిన్ని తన ప్లేయరు ఆయన చేతికిచ్చింది. "చెవుల్లో పెట్టుకుని వినడం నాకూ విసుగ్గానే ఉంది. దీన్ని అందులో పెట్టండి. మా నాన్నకి తెలియకుండా పెట్టడం మీ పనితనం."

పనితనం అన్న మాట అంటే చాలు, ఆయన కొండనైనా ఎక్కుతాడు. పైవాటాలో ఉండేదాన్ని కాబట్టి టార్చి పట్టుకునే పని నాకు పడింది. చిల్లు పెట్టకూడదు, వైరు కొయ్యకూడదు, కంటికి కొత్త వస్తువు ఆనకూడదు. అంటే ప్లేయరు వెళ్లాల్సింది ఆ పాత రేడియో పొట్టలోకే. పైగా ఆ కాలపు కారులో కరెంటు తిరగేసి ఉంటుంది. ఇప్పటి బండ్లలో బ్యాటరీ మైనస్సు వైరు బాడీకి తగిలిస్తారు. దీనికి ప్లస్సు వైరు తగిలించారు. సంగతి తెలియనివాడు కొత్త సామాను బిగిస్తే మరుక్షణం పొగే.

"ఈ తప్పు చేసినవాడు కొట్టు మూసుకుని కూరగాయలమ్ముకోవాలి" అంటూ బాబాయి ప్లేయరు బాడీకి తగలకుండా దానికి పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగాడు. దానికి విడిగా చిన్న బ్యాటరీ, ఒక చిన్న స్పీకరు పెట్టాడు. మీట తిప్పితే పాత రేడియోలాగే ముందు గాజు పలక వెనక దీపం నెమ్మదిగా వెలిగి, ఇరవై సెకన్లు ఆలోచించుకుని, అప్పుడు పాట రావాలట. ఆ ఇరవై సెకన్ల కోసం మూడు రోజులు తిన్నాడు.

అసలు విచిత్రం మొదటిరోజే జరిగింది. రేడియో డబ్బా మూత తీసి లోపల చూస్తే రేడియో లేదు. దీపం లేదు, వైరు లేదు, స్పీకరు లేదు. ఇటుకంత చెక్క దిమ్మ ఒకటి, కదలకుండా చుట్టూ గుడ్డ కుక్కి, హాయిగా కూర్చుని ఉంది. చిత్రిక పట్టిన దిమ్మ. దాని మీద పెన్సిలుతో 'రెండు కిలోల నూటపది గ్రాములు, సరి' అని రాసి, కింద పొడి సంతకం.

బాబాయి నన్ను చూశాడు. నేను బాబాయిని చూశాను. తీసిన దాని బరువుకి సరిగ్గా తూచి మరీ చెక్క పెట్టే మనిషి భూమ్మీద ఒక్కరే ఉంటారు.

"ఒక్క మర మారకూడదన్న మనిషి!" అన్నాను.

"నోరు ముయ్యవే. మనం ఇది చూడలేదు" అన్నాడు బాబాయి. దిమ్మ సంగతి పిన్నికి కూడా చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

గురువారానికి పని పూర్తయింది. బాబాయి పిన్నిని పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టి మీట తిప్పాడు. దీపం వెలిగింది. ఇరవై సెకన్లు గడిచాయి. పాట వచ్చింది. పిన్ని చప్పట్లు కొట్టింది. బాబాయి చొక్కాలో పట్టకుండా పొంగిపోయి, పనిముట్లు సర్దుకుని, చేతులు తుడుచుకుని, వెళ్లి పడుకున్నాడు. అంత జాగ్రత్తపరుడూ ఆ సాయంత్రం పనిముట్లు సర్దుతూ చేసిన పని ఒకటుంది. అది ఆయనకీ గుర్తు లేదు, నేనూ గమనించలేదు.

ఆదివారం పది గంటలకి పెద్దాయన రుమాలుతో దిగారు. పిన్ని లోపల తలకి నూనె రాసుకుంటోంది. టైర్లు అయ్యాయి, హారను అయింది, వైపర్లు అయ్యాయి. రేడియో జోలికి ఆయన రారని మా ధైర్యం. బాబాయి నిశ్చింతగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన వెనక తలుపు తీశారు.

సీటు మీద ఖాకీ పొట్లం ఉంది. పైన గుండ్రటి అక్షరాలు. తీసిన సామాను. గురువారం తేదీ.

ముప్పై ఏళ్ల అలవాటు చెయ్యి చేసేసింది, బుర్రకి చెప్పకుండా. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను గేటు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను.

పెద్దాయన పొట్లం చదివారు. అలవాటు కొద్దీ చేత్తో పట్టుకుని బరువు చూశారు. ఆ బరువు ఆయన చేతికి తెలిసినట్టుంది, ఎందుకంటే విప్పకముందే ఆగిపోయారు. తర్వాత విప్పారు. చెక్క దిమ్మనీ, దాని మీది సంతకాన్నీ చాలాసేపు చూశారు.

ఆయనకి కోపం వస్తే మాటలో మర్యాద పెరుగుతుంది. "అల్లుడుగారూ, మీరు దీన్ని ఎక్కడి నుంచి తీశారో దయచేసి చెబుతారా?"

బాబాయి కట్టుకున్న చేతులు విప్పాడు. "అదీ... మామయ్యగారూ... తీసింది తీసినట్టు అప్పగించడం నా పద్ధతండీ."

పెద్దాయన వెళ్లి ముందు తలుపు తీసుకుని సీట్లో కూర్చున్నారు. నలభై ఏళ్లలో మొదటిసారి ఆ మీట మీద చెయ్యి వేసి తిప్పారు. దీపం వెలిగింది. ఇరవై సెకన్లు. నా జన్మలో అంత పొడుగు ఇరవై సెకన్లు చూడలేదు. పాట మొదలైంది. ఆయన ఒక చరణం విని, ఆపేశారు.

"పని బాగా చేశావయ్యా" అన్నారు. 'మీరు' పోయింది. బాబాయి ఊపిరి తీసుకున్నాడు.

"మామయ్యగారూ, కారు..." అన్నాడు. "నన్ను ఏమన్నా అనండి గానీ, దానికి బంగారు రంగు మాత్రం..."

"ఉండవయ్యా. షరతు ప్రకారం చూస్తే ఇందులో మొదట సామాను మార్చినవాణ్ణి నేను. ఇక కారు వెనక్కి తీసుకునే హక్కు నాకెక్కడిది?" దిమ్మని ఒళ్లో పెట్టుకున్నారు. గొంతు తగ్గించారు. "ఆవిడ బ్రహ్మాండంగా పాడేది. నా ఎదుట మాత్రం పాడేది కాదు, సిగ్గు. వంటింట్లో పాడుతుంటే నేను తలుపు పక్కన నిలబడి వినేవాణ్ణి. అడుగుల చప్పుడైతే ఆపేసేది. కారులో రేడియో పెడితే, 'ఉష్, వినండి' అని అందరి నోళ్లూ మూయించేది. ఒకసారి కొండదారిలో స్టేషను అందలేదు. గరగర తప్ప ఏమీ లేదు. పిల్లలు గోల చేస్తుంటే, నేనున్న సంగతి మరిచిపోయి, పాట ఎత్తుకుంది. కొండ దిగేదాకా పాడింది."

"మర్నాడు విప్పేశారా?" అన్నాను ఉండబట్టలేక.

"మర్నాడే. చెడిపోయిందన్నాను. బాగుచేయించమని ఏటా అడిగేది. రేపు చేయిస్తానని ఏటా చెప్పాను. ముప్పై నాలుగేళ్లు నమ్మింది పిచ్చిది. డబ్బా తేలికైతే కారు శుభ్రం చేసేటప్పుడు కనిపెడుతుందని తూచి పెట్టాను." కళ్లు రుమాలుతో తుడుచుకున్నారు. ఆ రుమాలుతో అంతకుముందే టైరు తుడిచారు కాబట్టి మొహం మీద నల్ల చార పడింది. చెప్పే ధైర్యం మాకిద్దరికీ లేకపోయింది.

అంతలో పిన్ని జడ వేసుకుంటూ బయటికొచ్చింది. తండ్రి ముందు సీట్లో కూర్చుని ఉండడం చూసి గతుక్కుమంది. పెద్దాయన గభాల్న దిమ్మని పంచె కింద దాచారు. "మీ ఆయన రేడియో బాగుచేశాడే. నేనే చేయమన్నాను" అన్నారు. అంత నిజాయితీపరుడు అంత తడుముకోకుండా అబద్ధమాడడం నేనప్పుడే చూశాను. ఆ సాయంత్రం అందరం కారులో షికారుకి వెళ్లాం. పాటలు బ్రహ్మాండంగా వచ్చాయి. పిన్ని దారి పొడుగునా, "ఉష్, వినండి" అంటూనే ఉంది. బాబాయి అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

మరో ఆదివారానికి ప్లేయరు పాడైంది.

పిన్ని విరుచుకుపడింది. ఏమైందని నిలదీస్తే, బాబాయి తల వంచుకుని, "ప్లస్సూ మైనస్సూ తిరగేసి తగిలించాను. కాలిపోయింది" అన్నాడు. ఆ మాట ఆ నోటి నుంచి! ఆ తప్పు చేసినవాడు కూరగాయలమ్ముకోవాలన్న మనిషి! ఊళ్లో మెకానిక్కులందరికీ తెలిసిపోయింది. సౌండు మేస్త్రీకి చేతులు వణుకుతున్నాయట అని చెప్పుకున్నారు. ఒకడు జాలిపడి, తన కొట్టులో చేరమని కబురు కూడా పెట్టాడు. కొత్తది కొనుక్కుంటానని పిన్ని అంటే, బాబాయి "దండగెందుకు, రేపు బాగుచేస్తాను కదా" అంటాడు.

అయిదు నెలలైంది. ఆదివారాలు తనిఖీ కాగానే ముగ్గురూ షికారుకి బయల్దేరుతున్నారు. ఖాళీ ఉంటే నేనూ ఎక్కుతాను. ఊరు దాటేదాకా పిన్ని బాబాయి పనితనాన్ని తిడుతుంది. ఊరు దాటాక ఏమీ తోచక, మెల్లిగా కూనిరాగం మొదలుపెడుతుంది. వాళ్లమ్మ గొంతేనట, అచ్చం. బాబాయి గేరు మార్చితే చప్పుడవుతుందని ఎత్తు మీద కూడా మార్చడు. వెనక పెద్దాయన కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు నటిస్తారు.

మొన్న టార్చి కోసం కొట్టులో సొరుగు లాగితే ఒక చిన్న పొట్లం దొరికింది. విప్పితే పిన్ని ప్లేయరు, సైకిలు ట్యూబు తొడుగుతో సహా. మీట నొక్కితే పాట వచ్చింది. దానికేం కాలేదు, మూడువందల పన్నెండు పాటలూ భద్రంగా ఉన్నాయి. మళ్లీ ఎలా ఉందో అలాగే చుట్టేశాను. పైన గుండ్రటి అక్షరాలతో 'తీసిన సామాను' అని ఉంది. తేదీ కూడా వేశాడు. కాకపోతే ఈసారి దాన్ని వెనక సీటు మీద పెట్టలేదు.