మా గ్రీకు నాణేనికి జరిగిన పరీక్షలు

మా బాపు పోయిన తర్వాత ఇనుప పెట్టె సర్దుతుంటే ఆయన రైల్వే పింఛను కాగితాల కింద దగ్గుబిళ్ళల డబ్బా ఒకటి దొరికింది. అందులో దూదిలో చుట్టిన నల్లటి వెండి నాణెం. ఒకవైపు సింహం తోలు తలకు కప్పుకున్న మొహం, రెండోవైపు చేతి మీద పక్షిని పెట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి. మా తాత డోర్నకల్‌లో ఒక పాదిరి దొర బంగళాలో వంట చేసేవాడు. దొర తన దేశం వెళ్ళిపోతూ దాన్ని తాత చేతిలో పెట్టి, ఇది గ్రీకు రాజుల కాలంనాటిది, జాగ్రత్త అన్నాడట. తాత జాగ్రత్త చేశాడు, బాపు కూడా చేశాడు. వాళ్ళిద్దరూ తీసుకున్న జాగ్రత్త దాన్ని ముట్టుకోకపోవడం. చదువుకున్న వాళ్ళ చేతుల్లో పడ్డాకే దానికి కష్టాలు మొదలయ్యాయి.

నేను మహబూబాబాద్‌లో ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఏటా గ్రీకుల దండయాత్ర పాఠంలో ఆ సైన్యాన్ని సింధునది దాటించి, బోర్డు మీద ఒక్క బాణం గుర్తుతో వెనక్కి పంపించేస్తాను. అంత చదువు ఉండి కూడా, చేతిలోని నాణెం అసలుదో నకిలీదో ఎలా తేల్చుకోవాలో నాకు తెలియలేదు. తెలియదని ఒప్పుకుంటే సరిపోయేది. బాపు తమ్ముడు, జనగామలో ఉండే మా చిన్నాయినకు ఫోన్ చేశాను.

చిన్నాయిన మరుసటి రోజే బండిలో దిగాడు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాలన్నాడు. ఫోటోలో నాణెం నల్లగా వస్తే పరువు పోతుందని చింతపండు, బూడిద కలిపి అరగంట తోమాడు. నాణెం కొత్త గిన్నెలా మెరిసింది. గ్రూపులో నలభై మంది దండాలు పెట్టారు. ఒక బంధువు మాత్రం, మీద సాలు, అంటే సంవత్సరం, వేసి లేదు కాబట్టి నకిలీ అని తేల్చాడు. క్రీస్తు పుట్టకముందు చేసిన నాణెం మీద ఏ సాలు వేయాలో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఆ ఒక్క మాటకే చిన్నాయిన పరేషాన్ అయి, నన్ను బజారులో ఒక నగల దుకాణానికి తీసుకెళ్ళాడు. దుకాణదారు నాణేన్ని రాయి మీద గీసి, మీద ఒక చుక్క ఆసిడ్ వేసి చూశాడు. తృప్తి కలగక ఆకురాయి తీసి అంచు మీద గాటు పెట్టాడు. ఆయనకు సరిగా కనపడటం లేదంటే ఫోన్ లైటు పట్టుకుని నిలబడింది నేనే.

"వెండి మంచిదే మేడం. కని గుండ్రంగ లేదు, బొమ్మ గూడ నడుమల వడలే. ఎవడో పని రానోడు చేసిండు" అన్నాడు.

రెండువేల ఏళ్ళ కిందట సమ్మెటతో కొట్టిన కంసాలి పనితనానికి మహబూబాబాద్ బజారులో పడిన మార్కులవి.

చిన్నాయిన దిగాలు పడలేదు. జనగామలో తనకు తెలిసిన చరిత్ర లెక్చరర్ ఉన్నాడన్నాడు. ఆ సారు నాణేన్ని చేతిలోకి తీసుకోకముందే అసలుదని ప్రకటించాడు. గ్రీకు వర్తకులు జనగామ పక్కనున్న జఫర్‌గఢ్ మీదుగా పోయారని తాను ఎప్పటినుంచో చెబుతున్నాడట, ఇప్పుడు సాక్ష్యం దొరికిందట. మా నాణెం పాదిరి సంచిలో ఓడెక్కి వచ్చిందని రెండుసార్లు చెప్పాను. ఆ మాట పక్కన పెట్టమన్నాడు. కాలేజీలో ప్రదర్శన ఉంది, రెండు రోజులు ఇమ్మని తీసుకుని, దాన్ని జిగురుతో అట్టకు అంటించాడు. కింద స్కెచ్ పెన్నుతో "జనగామ గ్రీకు నాణెం" అని రాశాడు. ప్రదర్శన అయ్యాక అట్ట నుంచి ఊడదీయడానికి బ్లేడు వాడారు. పక్షి రెక్క మీద ఆ గీత ఇప్పటికీ ఉంది.

అప్పటికి నాకు బుద్ధి వచ్చింది. మా బడిలో పనిచేసే ఒక టీచరు భూపాలపల్లిలో ఉన్న తన మేనమామ గురించి చెప్పింది. బొగ్గు గనుల ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన మనిషి, నలభై ఏళ్ళుగా నాణేలు సేకరిస్తున్నాడు. నేనూ చిన్నాయినా రెండు బస్సులు మారి వెళ్ళాం. ఆ పెద్దాయన ముందు చేతులు కడుక్కున్నాడు, తర్వాత మమ్మల్నీ కడుక్కోమన్నాడు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, నాణేన్ని అంచుతో పట్టుకుని తూచాడు. పదిహేడు గ్రాములకు కొంచెం తక్కువ వచ్చింది, ఉండాల్సింది దాదాపు అంతేనన్నాడు. తర్వాత భూతద్దంలో చాలాసేపు చూశాడు. పోత పోసిన నకిలీ అయితే సన్నని బుడగల గుంటలు, అంచున అతుకు గీత కనిపిస్తాయట. ఇక్కడ అవి లేవు. దెబ్బకు లోహం పక్కలకు జరిగిన జాడలు, అంచున చిన్న పగులు ఉన్నాయి. బొమ్మ పక్కకు ఒరగడం కూడా చేత్తో కొట్టారనడానికి గుర్తేనని చెప్పాడు.

అప్పుడు గాటు మీద వేలు ఆపి, ఇది ఎవరు చేశారని అడిగాడు. నేను చెప్పాను. తోమింది, అంటించింది, బ్లేడుతో గీకింది కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలిసినకాడికి గిది అసలుదే బిడ్డా. ఇన్ని వందల ఏండ్లు దానికేం కాలే. మీ చేతుల్ల రెండు నెలలు ఉన్నందుకు గిట్లయింది."

చిన్నాయినకు మొదటి మాట ఒక్కటే వినిపించింది. ముద్ర వేసిన సర్టిఫికెట్ కావాలని అడిగాడు. కాగితాలు ఇవ్వడం తన పని కాదని, పురావస్తు శాఖ వాళ్ళకు చూపించమని పెద్దాయన చెప్పాడు. ఆ వెండి మీది నలుపే దాని వయసు అని, పోయిన వయసును తెచ్చిపెట్టడం ఎవరి వల్లా కాదని నాతో విడిగా అన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. బడిలో నేను పిల్లలను అలా నిలబెడతాను.

తిరుగు బస్సులో పరకాల దాటాక చిన్నాయిన నెమ్మదిగా నా వైపు వంగాడు.

"అసలుదే అని తేలె గద బిడ్డా. ఇగ జర బంగారు మెరుగు పెట్టిద్దమా?"

నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ రోజు నుంచి నాణెం నా బీరువాలోనే, పెద్దాయన ఇచ్చిన కాగితపు కవరులో ఉంది. తాళంచెవి ఎక్కడుందో చిన్నాయినకు చెప్పలేదు. ఆయన అలిగి నెల రోజులు ఫోన్ చేయలేదు.

తర్వాత క్రిస్మస్‌కు డోర్నకల్‌లో అందరం కలిశాం. చర్చిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పే సమయంలో చిన్నాయిన లేచి, దేవుడు గ్రీకు రాజు నాణేన్ని రెండువేల ఏళ్ళు ఒక్క గీత పడకుండా కాపాడి మా ఇంటికి చేర్చాడని కన్నీళ్ళతో చెప్పాడు. సంఘమంతా ఆమెన్ అంది. ఆ రోజు నగల దుకాణంలో ఫోన్ లైటు పట్టుకున్న చేతులే జోడించి నేనూ అన్నాను.