ఏటేటా చనిపోయే ఆర్లో టకాచ్

గురువారం మధ్యాహ్నం వృద్ధాశ్రమంలో పద్నాలుగో నంబరు గదికి ఒక సంతాప పత్రం వచ్చింది. కవరు మీద "కీర్తిశేషులు ఆర్లో టకాచ్ గారి కుటుంబ సభ్యులకు" అని ఉంది. ఆ పూట కుటుంబ సభ్యుల్లో అందుబాటులో ఉన్నది ఆర్లో టకాచ్ ఒక్కడే కాబట్టి ఆయనే కవరు చించి చదివాడు. లోపల లిల్లీపూల బొమ్మ ఉంది, చుట్టూ బంగారు అంచు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాడు. దాన్ని కిటికీ గట్టు మీద నిలబెట్టి, గిన్నెలో మిగిలిన పుడ్డింగు తినేశాడు.

"ఎవరు పోయారు?" అని పక్కమంచం మీంచి వర్జిల్ డంకన్ అడిగాడు. ఆరేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గది.

"నేనే."

"మళ్ళీనా!"

ఒహాయోలోని మా ఊళ్ళో అక్టోబరు వచ్చిందంటే మేపుల్ ఆకులు రాలతాయి, ఆర్లో టకాచ్ చనిపోతాడు. పన్నెండో తరగతి పిల్లల్లో చురుకైనవాళ్ళంతా ఆ నెలలో దరఖాస్తులు పెట్టుకుంటారు. డిగ్రీ, డాక్టరీ కలిపి ఇచ్చే ఎనిమిదేళ్ళ కోర్సు అది. అందులో ఒకసారి కాలు పెడితే మళ్ళీ ప్రవేశపరీక్షల బెడద ఉండదు. ఉన్నవి పది సీట్లు. అందుకే వేసవంతా ఆ పిల్లలు వృద్ధాశ్రమానికి వచ్చి చక్రాల కుర్చీలు తోసి, సేవ చేసిన గంటల కాగితం మీద సంతకాలు పెట్టించుకుంటారు. తర్వాత "నా జీవితాన్ని మార్చిన రోగి" అంటూ వ్యాసం రాస్తారు. ఆ రోగి ఎప్పుడూ టకాచే. ఎనభై రెండేళ్ళు, తెల్లటి మీసాలు, నీలికళ్ళు. చంపడానికి అంతకంటే అనువైన మనిషి మా ఊళ్ళో లేడు.

ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడాయన. రైలుపట్టాల దగ్గర బస్సు ఆపి, తలుపు తెరిచి, చెవి ఒగ్గి విని, అప్పుడు కదిలేవాడు. మోకాళ్ళు పోయి చక్రాల కుర్చీలో పడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు. లిఫ్టు ముందు కుర్చీ ఆపమంటాడు, అటూ ఇటూ చూసి కాసేపు వింటాడు. పిల్లలు గడియారం చూసుకుంటూ విసుక్కుంటారు. చెప్పకుండానే ఆపేది ఆ పిల్లల్లో ఒక్క టెస్సాయే. ప్రతి శనివారం వచ్చి ఆయనతో గళ్ళబల్ల మీద చెకర్స్ ఆడుతుంది, ఓడిపోతుంది, వచ్చే వారం మళ్ళీ వస్తుంది. వాళ్ళింట్లో ఎవరూ హైస్కూలు దాటలేదు.

ఈసారి సంతాపం పంపింది ఆ టెస్సా వాళ్ళ స్కూలుకు ఈ ఏడే కొత్తగా వచ్చిన కౌన్సెలర్ మిసెస్ గ్రీలీ. "మా టెస్సా వ్యాసం చదివి కన్నీళ్ళాపుకోలేకపోయాను" అని రాసింది.

శనివారం టెస్సా రాగానే టకాచ్ ఆ పత్రం ఆమె చేతిలో పెట్టాడు. అమ్మాయి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"ఎలా పోయానమ్మాయ్?"

"ప్రశాంతంగా... నా చెయ్యి పట్టుకుని."

"చివరిమాటగా ఏమన్నాను?"

"'నువ్వు డాక్టరువి కావాలి తల్లీ' అన్నారు."

"నేనైతే పుడ్డింగు అడిగేవాణ్ణి."

"అందరూ అలాగే రాస్తారు మిస్టర్ టకాచ్! ఎవరో ఒకరు పోకపోతే ఆ సీట్లిచ్చే డాక్టర్ల మనసు కరగదట."

"నేనూ ఇక్కడే ఉన్నాను ఆరేళ్ళ నుంచి," అన్నాడు వర్జిల్. "ఒక్క పిల్లయినా నన్ను చంపిన పాపాన పోలేదు."

అంతలో తలుపు తట్టి మిసెస్ గ్రీలీ లోపలికొచ్చింది. నల్ల కోటు వేసుకుంది. చేతిలో గాజు గిన్నె, పైన వెండికాగితం. ట్యూనా చేపా నూడిల్సూ కలిపి ఓవెన్లో కాల్చిన వంటకం. మా ఊళ్ళో అది గడప దాటిందంటే ఇంట్లో ఎవరో పోయినట్టే.

"మీరు ఆయన అన్నగారా?" అంది టకాచ్‌తో, గొంతు తగ్గించి.

టెస్సా కళ్ళు నేలకు అతుక్కుపోయాయి. అవునంటే చాలు, గండం గడుస్తుంది. టకాచ్ మీసం దువ్వుకున్నాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ టెస్సా చెవులు ఎర్రబడటం చూశాడు.

"లేదమ్మా. పోయింది నేనే."

మిసెస్ గ్రీలీ గిన్నెను బల్ల మీద ఠక్కున పెట్టింది. టెస్సా వైపు తిరిగింది. "నీ దరఖాస్తులో రాసినదంతా నిజమని నేను సంతకం చెయ్యాలి. గడువు సోమవారం సాయంత్రం అయిదింటికి. దీనికి మాత్రం చెయ్యను. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్," అంది టెస్సా.

"మేడమ్, ఒక్కమాట," అన్నాడు టకాచ్. "నా బస్సులో అల్లరి చేసినవాళ్ళని నేనెప్పుడూ దింపెయ్యలేదు. నా వెనకున్న ముందు సీట్లో కూచోబెట్టేవాణ్ణి. ఈ పిల్లనీ రెండ్రోజులు నా పక్కన కూచోబెట్టనివ్వండి. మళ్ళీ రాస్తుంది."

"ఏం రాస్తుంది?"

"రాయడానికేం లేదు," అంది టెస్సా ఏడుపు మింగుతూ. "కుర్చీ తోశాను, ఆటలో ఓడిపోయాను, అంతే."

"పళ్ళ సంగతో?" అన్నాడు వర్జిల్.

టెస్సా చేతుల్లో మొహం దాచుకుంది.

అది ఆమె ఇక్కడికొచ్చిన మొదటి శనివారం. కట్టుడు పళ్ళ గిన్నెలు రెండూ కడిగి తెమ్మంటే కడిగి తెచ్చింది, కానీ ఇతనివి అతనికీ అతనివి ఇతనికీ ఇచ్చింది. మధ్యాహ్నం దాకా టకాచ్ మొక్కజొన్న నమలలేకపోయాడు. వర్జిల్ సణుగుతూనే ఉన్నాడు. భోజనాల హాల్లో పెద్దనర్సుకు సంగతి తెలిసి పాపం ఆయా మీద విరుచుకుపడింది. టెస్సాను ఎవరూ అనుమానించలేదు. ఊరుకుంటే గొడవ ఆయాతో పోయేది. కానీ టెస్సా అరవైమంది చూస్తుండగా లేచి నిలబడి, "తప్పు ఆవిడది కాదు, నాది," అంది. తర్వాత ఇద్దరి పళ్ళూ మళ్ళీ కడిగి, ఈసారి ఎవరివి వాళ్ళకే ఇచ్చింది.

మిసెస్ గ్రీలీ నవ్వకూడదని చాలా ప్రయత్నించింది. కోటు విప్పి కుర్చీ లాక్కుంది. "రాయి," అంది. "నాకో పళ్ళెం కూడా ఎవరైనా ఇవ్వండి. వండింది ఎలాగూ వండాను." సంతాప వంటకాన్ని, పోయినవాడితో సహా, నలుగురూ కలిసి తిన్నారు.

సోమవారం నాలుగున్నరకు మిసెస్ గ్రీలీ సంతకం చేసింది. ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ జరిగింది. ముగ్గురు డాక్టర్లలో ఇద్దరు పళ్ళ గురించే అడిగారట, మూడో ఆయన తన తప్పొకటి చెప్పుకున్నాడట. ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. పదిలో ఒక సీటు టెస్సాది.

ఆ శనివారం టెస్సా వ్యాసం నకలు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. టకాచ్ తనది తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద లిల్లీపూల పక్కన పెట్టుకున్నాడు. వర్జిల్ మాత్రం భూతద్దం పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. చదివి కాగితం దుప్పటి మీద విసిరికొట్టాడు.

"చూశావటోయ్! ఆరేళ్ళకి నా పేరు ఒక వ్యాసంలోకి ఎక్కితే, 'మిస్టర్ డంకన్ మధ్యాహ్నం దాకా సణుగుతూనే ఉన్నారు' అని రాస్తుందా? నేనెప్పుడు సణిగాను?"

టకాచ్ చెకర్స్ బల్ల మీంచి తల ఎత్తలేదు.

"ఆ పూట నీ నోట్లో ఉన్నవి నా పళ్ళు కదోయ్, సణిగింది అవే అయ్యుంటాయి."