హారన్ కొట్టని కారు

ఈ సాయంత్రం వన్‌టౌన్‌లో నా రెండు సీట్ల ఎలక్ట్రిక్ కారుకి పక్క అద్దం, నాకు పెదవి ఒకేసారి పగిలాయి. ఇరుకు సందులో ముందు ఒక పెద్దాయన క్యారేజీ పట్టుకుని నడుస్తున్నాడు. హారన్ కొడితే ఉలిక్కిపడతాడని చప్పుడు చెయ్యకుండా వెనకే పోనిచ్చాను. ఆయన తిరిగి చూసేసరికి కారు మోకాళ్ల దాకా వచ్చేసింది. అంతే, ఆ క్యారేజీతోనే అద్దం విరగ్గొట్టాడు. సాంబారు బానెట్ మీద కారింది. నేను దిగి కాలర్ పట్టుకున్నాను. మూతి మీద ఒక్కటిచ్చాడు. సిగ్గులేకుండా నేనూ చెంప మీద కొట్టాను.

"మీ కారుకి నోరు లేదాండీ?" అన్నాడు, నా చొక్కా గుప్పిట పట్టుకుని.

"మర్యాదకే కొట్టలేదండీ హారన్."

"మా ఆవిడ వెనక కూడా ఇట్టాగే చప్పుడు లేకుండా వచ్చిందండీ ఒకటి. కాలు విరిగి ఆస్పత్రిలో ఉంది. ఈ క్యారేజీ ఆవిడకేనండీ."

ఆయన కాలర్ వదిలేశాను. హోటల్లో ఇడ్లీ కట్టించి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను. హారన్ కొట్టడం మర్యాదో, కొట్టకపోవడం మర్యాదో మీరే చెప్పండి. దారిలో కనబడిన ప్రతి మనిషి వెనకా, నా మీదుగా చెయ్యి చాపి, ఆయనే హారన్ నొక్కాడు.