మనుషుల స్పీడులో నడిచిన డీజిల్ దొరసాని

లాక్‌డౌన్‌లు రావడానికి రెండేళ్ళ ముందు, మామిడికాయల కాలంలో, నాకు కోలారు జిల్లా అప్పగించినారు. అప్పటికి నేను బెంగళూరులో ఇంగ్లీషు బిళ్ల కార్లు, అంటే బ్రిటిష్ కంపెనీ పేరున్న ఖరీదైన కార్లు, అమ్మే ఒక డీలరు దగ్గర ఫీల్డ్ టెక్నికల్ మేనేజరును. ఈ హోదా గురించి రెండు ముక్కలు చెప్పాలి. కారు చెడిపోయి వస్తే మొదట సర్వీస్ అడ్వైజర్ చూస్తాడు, అంటే టై సర్దుకుని తల ఊపుతాడు. ఆ తర్వాత టెక్నీషియన్, ఆ పైన మాస్టర్ టెక్నీషియన్. వాళ్ళంతా చేతులెత్తేస్తే వర్క్‌షాప్ మేనేజర్ ఒక నిట్టూర్పు విడిచి నన్ను పిలుస్తాడు. నా మీద ఇంక దేవుడొక్కడే. ఆయనకు బండి జబ్బు చదివే స్కానర్ వాడడం రాదు కాబట్టి ఏ కేసూ నన్ను దాటి పోయేది కాదు. పైగా నేను పుట్టింది ఆ జిల్లాలోని టేకల్‌లో. కోలారు జిల్లాలో ఏ కారు తుమ్మినా నన్నే తరిమేవాళ్ళు.

ఆ రోజు తుమ్మింది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని ఒక డీజిల్ సెడాన్. ముందర ఇంగ్లీషు బిళ్ల, లోపల మా అత్తగారి సోఫా సెట్టు కన్నా మెత్తటి తోలు సీట్లు, నేలకు ఆనుకుని పోయే పొడుగాటి ఒళ్ళు. ఊళ్ళోవాళ్ళు దానికి దొరసాని అని పేరు పెట్టినారు. ఓనరు మోహన్, గ్రానైట్ వ్యాపారం చేసేవాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నడిపేది మాత్రం వాళ్ళ నాయన గురవయ్య. దొరసాని అప్పటికి రెండుసార్లు రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ నడుమ అలిగి నిలబడిపోయింది. రెండుసార్లూ మా వాళ్ళు పోయి బాగుచేసి వచ్చినారు. ఇది మూడోసారి.

జబ్బు ఏమిటో చెప్తాను, కష్టమేమీ కాదు. కొత్త తరం డీజిల్ బండ్లకు పొగ పోయే గొట్టంలో ఒక జల్లెడ ఉంటుంది. డీపీఎఫ్ అంటాం. రాగిపిండి జల్లెడ నూకను ఆపినట్టు ఇది మసిని ఆపుతుంది. మసి నిండితే బండి తనంతట తానే దాన్ని కాల్చుకుంటుంది. అందుకు పొగ నిప్పులాగా కాగాలి. కాగాలంటే హైవే మీద ఎక్కడా ఆగకుండా కాసేపు గట్టిగా పరిగెత్తాలి. ఊళ్ళో నింపాదిగా తిరిగితే పొయ్యి అంటుకోదు, మసి పేరుకుంటుంది. చివరికి ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుని కుంటుతుంది. ఆ పైన కదలదు.

నేను పోయేసరికి గురవయ్య ఇంటి ముందర కుర్చీ వేసుకుని, కారుకు కాపలా ఉన్నట్టు కూర్చుని ఉన్నాడు. మనిషి సన్నగా ఉన్నా మీసం మాత్రం ఇద్దరికి సరిపోతుంది. మోహన్ నన్ను పక్కకు తీసుకుపోయినాడు.

"సార్, ఒక మాట రాసిచ్చేయండి. డ్రైవింగ్ సరిగా లేదు, అందుకే బండి చెడిపోతా ఉండాది అని. నేను చెప్తే మా నాయన ఇనడు. కంపెనీ చెప్తే ఇంటాడు."

వచ్చే సోమవారం నుంచి ఒక డ్రైవరును కూడా మాట్లాడి పెట్టుకున్నానని చెప్పినాడు. నా సంతకం పడితే తాళం ముసలాయన చేతిలోంచి పోతుంది. ఆయనకు ఆ తాళం తప్ప వేరే పని లేదు. పొద్దున్నే బండి తుడవడం, పాత గని స్నేహితులను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని మార్కెట్‌కు టీకి తీసుకుపోవడం, ఒక్కొక్కరినీ మళ్ళీ గడప దగ్గర దించడం, ఇదీ ఆయన దినం.

నేను బానెట్ దగ్గరికి రాగానే గురవయ్య అన్నాడు, "మా వాడు తాళం అడగలేక నిన్ను పిలిపించినాడు. అంతే కదప్పా?"

నేను ఆయిలు చూసే కడ్డీ బయటికి లాగినాను. ఆయిలు గీత దాటి పైకి ఉంది.

"చూసినావా," అన్నాడు గర్వంగా. "ఊళ్ళో బండ్లన్నీ ఆయిలు తాగుతాయి. ఇది పెంచుతా ఉండాది. పాడి ఆవప్పా ఇది."

పాడి కాదు, రోగం. జల్లెడను కాల్చుకోవాలని ఇంజిన్ ఎక్కువ డీజిల్ పోసుకుంటుంది. మంట అంటుకునే లోపల బండి ఆపేస్తే ఆ డీజిల్ కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. కడ్డీ వాసన చూస్తే పెట్రోలు బంకు పక్కన నిద్ర లేచినట్టు ఉంది. ఆయిలు మార్చినాను. బండిని నిలబెట్టి ఉంచే స్కానర్‌తో కొంత మసి కాల్చినాను. దాంతో కుంటడం మానింది గానీ డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఆరలేదు. మిగతాది రోడ్డు మీద కాలాలి. గురవయ్యను నడపమన్నాను, నేనూ మోహనూ ఎక్కినాం.

నా సర్వీసులో మంత్రుల డ్రైవర్ల పక్కన కూర్చున్నాను, రేసుల్లో తిరిగిన వాళ్ళ పక్కన కూర్చున్నాను. అంత మెత్తటి చెయ్యి నేను చూడలేదు. బండి ఎప్పుడు కదిలిందో తెలియలేదు. గోడలు వెనక్కి పోతున్నాయి కాబట్టి కదిలిందని నమ్మినాను. కేజీఎఫ్‌లోనే ఉన్న కోరమాండల్ దాటేసరికి ఒక సీతాకోకచిలుక మమ్మల్ని ఓవర్‌టేక్ చేసి, సంకోచపడి, వెనక్కి తిరిగి చూసింది. ఒక మేక బంపర్ వాసన చూసి, రుచి కూడా చూసి, తీరిగ్గా పక్కకు తప్పుకుంది. బ్రేకు వేస్తే నా చొక్కా జేబులోని పెన్ను కూడా ఊగలేదు.

బంగారుపేట మీదుగా కోలారు చేరి, ముళబాగిలు వైపు హైవే ఎక్కినాం. అక్కడ కూడా అదే నడక. లారీలవాళ్ళు హారన్‌తో మా పూర్వీకులను పలకరించి పోతున్నారు.

"ఇప్పుడు తొక్కండి తాతా," అన్నాను.

"తొక్కను."

"రోడ్డు ఖాళీగా ఉంది కదా."

"బండి ఖాళీగా లేదు గదప్పా. మనుషులు ఉండారు."

వెనక సీట్లో మోహన్ తల పట్టుకున్నాడు. "ఇదే సార్, ఇదే. ఇంగ ఈయన మారడు."

బండిని పక్కకు ఆపించి, ఒక టీ అంగడి దగ్గర దిగినాం. గురవయ్యను అడిగినాను, ఇంతకు ముందు ఏం నడిపేవారని. ఆయన కేజీఎఫ్ గనిలో వైండింగ్ ఇంజిన్ డ్రైవరు. అంటే, భూమి లోపలికి దిగే, లిఫ్టు లాంటి కేజ్‌ను పైన ఇంజిన్ గదిలో కూర్చుని లాగేవాడు. ఉద్యోగమంతా అదే కుర్చీ. కేజ్ ఆయన కంటికి కనబడదు, తాడు మాత్రమే కనబడుతుంది. కింద నుంచి బెల్లు కొడతారు. మనుషులు ఎక్కితే ఒక రకం బెల్లు, రాయి ఎక్కిస్తే ఇంకో రకం. మనుషుల బెల్లుకు మనుషుల స్పీడు, రాయి బెల్లుకు రాయి స్పీడు. మనుషులున్న కేజ్‌ను రాయి స్పీడులో లాగినవాడు ఇంగ ఆ కుర్చీలో కూర్చోడు.

"మా నాయన వాళ్ళు నెల్లూరు వైపు నుంచి వచ్చినారు, నేను పుట్టింది ఇక్కడే," అన్నాడు. "నేను దించిన వాళ్ళంతా పైకి వచ్చినారప్పా. ఒకడికి చెయ్యి కూడా గీసుకోలేదు. ఇప్పుడు వాళ్ళనే టీకి తీసుకుపోతా ఉండాను. వాళ్ళను రాయి స్పీడులో తీసుకుపోమంటావా?"

అప్పుడు నాకు జబ్బు మొదలు అంతుపట్టింది. ఆయన చెడ్డగా నడపడం వల్ల జల్లెడ నిండలేదు. మరీ బాగా నడపడం వల్ల నిండింది. బంగారు గనికి పనికొచ్చే చెయ్యి డీజిల్ జల్లెడకు విషమైంది. అలాగని నేనో మోహనో నడిపి మసి కాల్చేస్తే సరిపోదు. మా వాళ్ళు రెండుసార్లు చేసింది అదే. వాళ్ళు బెంగళూరు చేరేలోపల ఈయన మళ్ళీ నింపడం మొదలుపెట్టినాడు.

మోహన్ టీ గ్లాసు బల్ల మీద పెట్టినాడు. "రాసేయండి సార్."

నేను పెన్ను తీయలేదు. గురవయ్యను ఇంకొకటి అడిగినాను. తాడు మార్చినప్పుడో, రిపేరుకు ఆపినప్పుడో, మళ్ళీ పని మొదలుపెట్టేటప్పుడు ఏం చేసేవాళ్ళు?

"ఖాళీ ట్రిప్పు," అన్నాడు వెంటనే. "మనిషిని ఎక్కించకుండా కేజ్‌ను కింది దాకా దించి పైకి లాగాల. అది చక్కగా వచ్చినాకే మనుషులు. ఇది గని చట్టం. నాది కాదు."

"ఈ బండి రిపేరు అయింది కదా. ఖాళీ ట్రిప్పు వేసినారా మరి?"

ఆయన కారు వైపు తిరిగినాడు. మీసం ఒకసారి కదిలింది. బండిని చక్రాల నుంచి కప్పు దాకా చూసినాడు. ఆ చూపులో, తానే ఒక చట్టం తప్పినానన్న భయం నాకు స్పష్టంగా కనబడింది.

ఇప్పుడే వేయండి, మీరొక్కరే, రాయి స్పీడులో అన్నాను. మోహన్ అడ్డం పడినాడు. ఈ వయసులో ఒక్కణ్ణే హైవే మీద స్పీడుగా పంపడమా అని నన్ను గట్టిగానే అడిగినాడు. నేను పక్కన కూర్చుంటానంటే గురవయ్య ఒప్పుకోలేదు. నేనేమీ మనిషిని కాను, క్వింటాలు రాయిని అనుకోండి అని బతిమాలినాను. నా పొట్ట వైపు చూసి, బరువు సరిపోతాదిలే గానీ మాట్లాడతావు కదప్పా, రాయి మాట్లాడదు అన్నాడు. చివరికి స్కానర్‌ను దాని పాటికి అది లెక్కలు రాసుకునేలా బండికి తగిలించి దిగినాను. హైవే మీద ఎంత స్పీడు చట్టమో అంతే, అంతకు తగ్గకూడదు, పెరగకూడదు అని చెప్పినాను. ముళబాగిలు దాకా పోయి తిరిగి రావాలి.

"బెల్లు కొట్టు," అన్నాడు.

నేను టీ గ్లాసును చెంచాతో కొట్టినాను. దొరసాని పోయింది. మెల్లగా కాదు. టీ అంగడి తాటాకు కప్పు లేచి మళ్ళీ కూర్చుంది. రాయి స్పీడు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

రావలసిన వేళకు రాలేదు. మోహన్ ఫోను చేసినాడు, ఎత్తలేదు. గురవయ్య బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తడని మోహనే చెప్పినాడు, చెప్పి మళ్ళీ చేసినాడు. అంగడివాడు ఇంకో టీ పోస్తే తాగకుండా రోడ్డు మధ్య డివైడర్ దాకా పోయి నిలబడినాడు. "ఏమన్నా అయితే నేను మా అమ్మకు ఏం చెప్పాల?" అన్నాడు, నన్ను చూడకుండానే. తాళం మీద ఇంతసేపూ పంచాయితీ పెట్టిన మనిషికి ఇప్పుడు తాళం గుర్తు లేదు. నేనూ పోయి అతని పక్కన నిలబడినాను. ముసలాయనను ఒంటరిగా పంపింది నేనే.

చివరికి దూరంగా ఇంగ్లీషు బిళ్ల మెరిసింది. మెరిసి, అక్కడే ఉండిపోయింది. బండి వస్తూ ఉంది గానీ చేరడం లేదు. మళ్ళీ కుంటుతోందని అనుకున్నాను. స్కానర్‌ను తిట్టుకున్నాను, జల్లెడను తిట్టుకున్నాను.

దగ్గరికి వచ్చినాక చూస్తే వెనక తోలు సీటులో, మైసూరు మహారాణి లాగా, ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒడిలో కోడి. కాళ్ళ దగ్గర మామిడికాయల బుట్ట. బైరకూరు ఆవిడ, పేరు యల్లమ్మ. కోలారులో కూతురి ఇంటికి పోవాలని ముళబాగిలులో బస్సు కోసం నిలబడి ఉంటే గురవయ్య ఎక్కించుకున్నాడు.

"పోయేటప్పుడు ఖాళీ ట్రిప్పు," అన్నాడు దిగుతూ. "గంటకొట్టినట్టు పోయింది. వచ్చేటప్పుడు మనిషి ఉండాది గదప్పా."

యల్లమ్మ అద్దం దించి తల బయటికి పెట్టింది. "మా ఎద్దులబండి ఇంతకన్నా ముందర వచ్చుండును నాయనా. కోడి రెండుసార్లు నిద్రపోయింది."

డాష్‌బోర్డు మీద దీపం లేదు. స్కానర్ చూసినాను. ముళబాగిలు చేరక ముందే మసి కాలిపోయి జల్లెడ శుభ్రంగా ఉంది. మోహన్‌కు చూపించి, వారానికి ఒకసారి ఇట్లా ఖాళీ ట్రిప్పు పడితే ఈ బండి మార్కెట్‌లో నిలబడదని చెప్పినాను. అతను స్కానర్ వంక చూడలేదు. నాయన చొక్కా మీద కోడి ఈక ఉంటే తీసేసినాడు. తర్వాత ఫోను తీసి, సోమవారం రావద్దని ఆ డ్రైవరుకు చెప్పినాడు.

"వచ్చే వారం నేనూ వస్తా నాయనా," అన్నాడు.

"నువ్వెక్కితే మనుషుల స్పీడే," అన్నాడు గురవయ్య. "ఇంట్లో ఉండు."

జాబ్ కార్డులో కారణం రాయాల్సిన గడిలో నేను 'ఊళ్ళో తక్కువ వేగం' అని మాత్రం రాసినాను. వర్క్‌షాప్ మేనేజరుకు గని చట్టం వివరించే ఓపిక నాకు లేదు.

ఆ తర్వాత ముందుగానే రిటైర్మెంటు తీసుకునేదాకా చాలా మసి కేసులు చూసినాను. ఏ బండి దగ్గరా మొదట స్కానర్ తీయలేదు. నడిపే మనిషి దీనికి ముందు ఏం నడిపినాడో అడిగినాను. సుగటూరులో ఒకాయన, కొత్త ట్రాక్టరు ఇంజిన్ సర్దుకునేదాకా మెల్లగా నడిపినట్టు, కారును ఏళ్ళ తరబడి మెల్లగానే నడుపుతూ ఉన్నాడు. చేతికి పట్టిన అలవాటు మారమంటే మారదు, మార్చుకోమని రాసిచ్చినా మారదు. ఆ అలవాటు లోపలే బండికి పనికొచ్చేది ఏదైనా ఉందా అని చూడాలి. ఉంటే జల్లెడ బాగుపడుతుంది. లేకపోతే ఈ జల్లెడ గొడవ లేని పెట్రోలు బండి కొనుక్కోమని మర్యాదగా చెప్పి రావాలి.