కంచు కూలీలకు చింతపండు

గంగయ్య మలయా దేశంలో, పెరాక్‌లోని ఒక చిన్న మ్యూజియంలో నేల తుడిచేవాడు. పుట్టింది సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో. కమ్యూనిస్టులను అణచడానికి తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టి కూలీల ఇళ్లను ముళ్లకంచెలోకి తోసినప్పుడు తోట వదిలేశాడు.

మ్యూజియం హాల్లో నిలువెత్తున అయిదుగురు కంచు రేవు కూలీలు తాడు లాగుతుంటారు. అసలు విగ్రహం యూరప్‌లో ఏదో ఓడరేవులో ఉంది. అదే అచ్చులో పోసిన ప్రతులు కొన్ని మ్యూజియాలకు వెళ్లాయి, అందులో ఒకటి ఇది. ఒళ్లంతా ఆకుపచ్చ. వచ్చిన దొరలు ఆ పచ్చదనాన్నే మెచ్చుకునేవారు. గంగయ్యకు మాత్రం అది ఒట్టి చిలుము. అతని భార్య కమలాక్షి దీపపు కుందుల మీద ఏ శుక్రవారమూ చిలుము ఉండనిచ్చేది కాదు.

మెర్డెకాకు, అంటే మలయాకు స్వతంత్రం వచ్చే రోజుకు, పది రోజుల ముందు క్యురేటర్ దొర ఆర్డరు వేశాడు: భవనంలోని ఇత్తడి, కంచు అంతా మెరవాలి. ఆయన మనసులో ఉన్నవి తలుపు పిడులు. గంగయ్య చింతపండు నానేసి, బూడిద జల్లించి మూడు రోజులు తోమాడు.

నాలుగో రోజు దొర సహాయకుడు పాట్రిక్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. అతనిదీ తోట కుటుంబమే; మాట చివర మలయావాళ్ల 'లా' తగిలిస్తాడు.

"ఓర్నాయనో! ఏటి మావా, ఏటి సేసినావు?"

"తోమినాను బాబూ. సూడు, బంగారంలాగున్నారు."

"ఆ పచ్చ రంగు కావాలనే ఎక్కించినారు లా!"

"సిలుము కావాలని ఎక్కిస్తారేటి? మా ఇంటిదాని ముందు అనకు, సెంబెట్టి కొడతాది."

పాట్రిక్ నవ్వలేదు. గంగయ్య పౌరసత్వం దరఖాస్తు దొర బల్ల మీద ఉంది. పుట్టినట్టు చీటీ లేదు కనుక 'మంచివాడు' అని దొర సంతకం కావాలి. ముప్పై ఏళ్లు ఈ నేల మీద చెమటోడ్చినవాడి మంచితనానికి మరొకడి సాక్ష్యం! సర్కారు సొత్తు పాడుచేశాడని రాస్తే ఆ సంతకం ఉండదు. చూడని దేశానికి ఓడెక్కిస్తారని గంగయ్య భయం.

"కప్పు కారి రంగు పోయినాదని రాస్తాను," అన్నాడు పాట్రిక్.

"వొద్దు. కప్పెక్కి సూస్తే? నేనే సేసినానని సెప్తాను. ఆర్డరు కూడా ఓసారి సదవమను."

గంగయ్య చెప్పింది విని దొర ముఖం ఎర్రబడింది. పాట్రిక్ ఆర్డరు కాగితం ముందు పెట్టాడు. 'కంచు అంతా.' కింద దొర సంతకమే. రెండుసార్లు చదువుకుని, బయటికి పొమ్మన్నాడు. విగ్రహం పాడైనట్టేనా అని, దాన్ని పోసిన కార్ఖానాకు ఉత్తరం రాశాడు. ఆజ్ఞ ఇచ్చినవాడి తప్పు మోసేది సాధారణంగా చీపురు పట్టినవాడే. ఈసారి కాగితం అడ్డుపడింది.

మెర్డెకా రోజున ఊరంతా జెండా చూడ్డానికి వెళ్లింది. గంగయ్య గడప దాటలేదు.

సెప్టెంబరు మూడో వారంలో జవాబొచ్చింది: లోహానికి ఏమీ కాలేదు, రంగు మళ్లీ ఎక్కించవచ్చు. ఆ మధ్యాహ్నమే దొర, తల ఎత్తకుండా, దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

వీధి చివర దుకాణంలో గంగయ్య అయిదో దోసె అడిగాడు. నెల్లాళ్లుగా అతనికి అన్నం సయించలేదు.

"మెల్లగా మావా," అన్నాడు పాట్రిక్. "దేశం ఎక్కడికీ పోదు లా."

"దేశం పోదు బాబూ. పిండి అయిపోతాది."