బందు రోజు మైలేజీ

2011వ సంవత్సరం. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఒకరోజు బందు, ఇంకోరోజు పెట్రోలు రేటు పెరిగిందన్న కబురు. హైదరాబాదు ఎల్బీనగర్‌లో రింగురోడ్డు పక్కన నాది కార్లు బాగుచేసే షెడ్డు. మాది తెనాలి వైపు. ఎన్నేళ్లుగా ఇక్కడే ఉన్నా, అప్పట్లో ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే, ఎందుకడిగాడా అని ఒక్క క్షణం ఆగేవాణ్ణి.

యాదగిరి పాత స్కూలు వ్యాను తెచ్చాడు. నల్గొండ జిల్లా నుంచి వచ్చి అల్మాస్‌గూడలో కిరాయికుంటూ, కొత్తపేటలో ఒక బడికి పిల్లల్ని తీసుకెళ్తుంటాడు. ఆ బండి నడిస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. పికప్ లేదన్నాడు. తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంది. ఆ రకం వ్యానుకి ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది. సీటెత్తి చూస్తే, కాలే సైలెన్సర్ గొట్టానికి రాగి ట్యూబు చుట్టి, పక్కన స్టీలు డబ్బా బిగించి ఉంది. ఒక జాయింటు దగ్గర పెట్రోలు చెమ్మ. రోజూ ఆ సీటు మీద చిన్నపిల్లలు కూర్చుంటారు.

అది వేపరైజరట. పెట్రోలుని ముందే వేడిచేసి ఆవిరిగా ఇంజనుకి పంపుతుందట. యాదగిరి బామ్మర్ది లింగస్వామి వెల్డింగు పనివాడు, అతను సొంతంగా చేశాడు. లీటరుకి పన్నెండు కిలోమీటర్లిచ్చే బండి పద్దెనిమిది ఇస్తోందని యాదగిరి గర్వంగా చెప్పాడు.

"పెట్రోలు ఆవిరైతే మొత్తం మండుతదన్నా. సుక్క గూడ దండుగ పోదు."

నేను నమ్మలేదు. కార్బ్యురేటర్ చేసే పనే పెట్రోలుని సన్నటి తుంపరగా గాలిలో కలపడం. ఇంజను వేడెక్కాక ఆ తుంపర చాలావరకు ఆవిరై, దాదాపు అంతా మండుతుంది. దండగయ్యేదంతా మండిన తర్వాతే, వేడి రూపంలో రేడియేటర్‌ నుంచీ సైలెన్సర్‌ నుంచీ పోతుంది. మండకుండా మిగిలేదే కాస్తంత అయితే, దాన్ని ఆదా చేసి మైలేజీ ఒకటిన్నర రెట్లు చేయడం ఎక్కడైనా ఉందా? పైగా వేడి ఆవిరి ఇంజనులో చోటు ఆక్రమించి గాలిని తగ్గిస్తుంది. పికప్ పోయింది అందుకే. ఇవన్నీ చెప్పి, డబ్బా పీకేయమన్నాను.

అతని మొహం మారిపోయింది. "ఏమనుకోకన్నా, ఒక మాట అడుగుత. గిదే డబ్బ విజయవాడల చేసి పంపిస్తే నువ్వు గిట్లనే అంటుంటివా?"

నాకు చాలా కోపమొచ్చింది. పసిపిల్లల ప్రాణాల గురించి మాట్లాడుతుంటే ఊళ్ల గొడవ తెస్తాడేంటి అనుకున్నాను. కోపం తగ్గాక కూడా ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. గొంతు తగ్గించి, అసలు మైలేజీ ఎప్పుడు చూశారని అడిగాను. బందు నాడట. బడి లేదు కాబట్టి బావా బామ్మర్దీ ఖాళీ వ్యానుకి ఉద్యమం జెండా కట్టుకుని చౌటుప్పల్ దాకా వెళ్లొచ్చారు. ఎవరూ ఆపలేదు.

విషయం అర్థమైంది. ఖాళీ బండి, ఖాళీ రోడ్డు, బ్రేకు తొక్కే పనే లేదు. మైలేజీ ఇచ్చింది డబ్బా కాదు, బందు. ఆ మాట పైకి అంటే ఉద్యమాన్ని ఎగతాళి చేశాడంటారేమోనని మింగేసి, సీసా పరీక్ష చేద్దామన్నాను. ట్యాంకు ట్యూబు తీసేసి, కొలిచి పోసిన సీసా తగిలించి, బండి ఎక్కడ ఆగిపోతుందో చూడటమే సీసా పరీక్ష.

యాదగిరి ఫోన్ చేస్తే లింగస్వామి కూడా వచ్చాడు. కారే జాయింటు బిగించి, పిల్లల బరువుకి బదులు ఇసుక బస్తా ఒకటి వేసుకుని, పిల్లలెవరూ లేకుండా ముగ్గురం బయల్దేరాం. అనుమానం పెనుభూతమంటారు కదా. నేను తక్కువ పోస్తానని లింగస్వామికి, అతను ఎక్కువ పోస్తాడని నాకు అనుమానం. చివరికి యాదగిరితో పోయించి, ఇద్దరం అతని చేతుల వంకే చూస్తూ నిలబడ్డాం. డబ్బాతో ఒకసారి, డబ్బాకి పోయే ట్యూబు మూసేసి, పెట్రోలు నేరుగా కార్బ్యురేటర్‌కి పంపి ఇంకోసారి, సాయంత్రం రద్దీలో దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిపాం. రెండుసార్లూ మూసారాంబాగ్ దగ్గరే ఆగింది. డబ్బా లేనప్పుడే నాలుగు కొట్లు ముందుకెళ్లింది.

రద్దీలో ఏ బండైనా అంతేనని లింగస్వామి గొణిగాడు. యాదగిరి సీటెత్తి డబ్బా చూపించాడు.

"పిల్లలుంటరు గద, ఇప్పటికైతే తీసెయ్. కాని పారెయ్యకన్నా. నీ మాట ఇంకా నాకు నమ్మబుద్ధి అయితలేదు."

డబ్బా విప్పి, కడిగి, గోనెగుడ్డలో చుట్టి అతని చేతికే ఇచ్చాను. ఇంత చేశాక కూడా నన్ను ఆంధ్రావాడిగానే చూశాడని మనసు చివుక్కుమంది.

తర్వాత ఇంకో బందు అయిన మర్నాడు ఇద్దరూ వచ్చారు. యాదగిరి నేరుగా విషయంలోకి దిగాడు. "నీ మీద నమ్మకం కుదరక నిన్న మల్ల చౌటుప్పల్ పోయినన్నా. డబ్బ లేకుంటనే. గంతే, పద్దెనిమిది ఇచ్చింది." తెలిసినవాళ్ల బళ్లు ఇంకో రెంటికి బిగించిన డబ్బాల్ని పొద్దున్నే వెళ్లి తీసేశామని లింగస్వామి తలొంచుకుని చెప్పాడు.

ఇప్పటికీ ఎవరైనా మైలేజీ పెంచే పరికరమని వస్తే, దాన్ని చూడకముందే, ఏ రోడ్డు మీద, ఎంత బరువుతో, ఎలాంటి రోజున కొలిచారని అడుగుతాను. యాదగిరి నా మాట నమ్మనందుకు అప్పుడు చిన్నబుచ్చుకున్నాను గానీ, ఇప్పుడు సంతోషంగా ఉంది. తనే కొలిచి చూడకుండా నన్ను నమ్మి తీసేసి ఉంటే, నాకంటే బాగా మాట్లాడేవాడు ఎవడైనా వచ్చిన రోజున ఆ డబ్బా మళ్లీ పిల్లల సీటు కిందికి చేరేది.