యోఖెవెద్ అనే పిలవాలి

మా అక్క మల్కా విన్నిపెగ్‌లో స్కూలు బస్సు నడుపుతుంది. ఈమధ్యే దానికి ఆడపిల్ల పుట్టింది. మా యూదుల ప్రార్థనాలయం సినగాగులో పేరు చదివేదాకా బయటపెట్టకపోవడం మా ఆనవాయితీ. అయినా, వాదించేవాళ్లు ముందే వాదించి అలిసిపోతారని అక్క అందరికీ చెప్పేసింది: యోఖెవెద్. చనిపోయిన మా అమ్మమ్మ పేరు.

బావ మేనత్త బ్లూమా తింటున్న కుగెల్ పక్కన పెట్టేసింది.

"టీచర్లకి నోరు తిరుగుతుందటే? సినగాగులో యోఖెవెద్ అనుకో, బయట ఈవా అని పిలుచుకో. మీ అమ్మమ్మ అలాగే నెట్టుకురాలేదూ?"

"అదే కదా అత్తా నా ఏడుపు!"

అమ్మమ్మ పనిచేసిన, కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో మేస్త్రీ ఆమె పేరు పలకలేక ఈవా అన్నాడు. బతికినన్నాళ్లూ అమ్మమ్మ అక్కడ ఈవాయే. సమాధి రాయి మీద మాత్రం యోఖెవెద్ అని చెక్కించాం. పక్క మిషను మీద కుట్టే ఆవిడ పూలు తెచ్చి, ఈవా కోసం శ్మశానమంతా వెతికింది. ఆ రాయి ముందునుంచే నడిచి, పూలు గేటు దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

"నా కూతుర్ని అలా ఎవరూ దాటిపోకూడదు," అంది అక్క.

"పిల్లలు ఏడిపిస్తేనో?"

"ఎక్కేది నా బస్సేగా. ముందు వాళ్లకే నేర్పుతా."

పాప టీకాకి నేనూ తోడు వెళ్లాను. నర్సు "యో... యో..." అని ఆగి, "పోనీ, పాపని తీసుకురండి," అని నవ్వింది.

అక్క కుర్చీలోంచి కదల్లేదు. "యోఖెవెద్. మళ్లీ అనండి. మాకేం తొందర లేదు."

నర్సు తడబడుతూ, ఆగుతూ, చివరికి పూర్తిగా పలికింది. పరాయి మనిషి నోట అమ్మమ్మ పేరు వినడం నాకదే మొదటిసారి.

అప్పుడు లేచింది అక్క.